చెరి సగం పాస్‌వర్డ్

పొద్దున తొమ్మిదింటికి షట్టరు లేస్తుంది. అక్క కంప్యూటరు ముందు కూర్చుని పాస్‌వర్డ్‌లో తన సగం కొడుతుంది. లేచి గోడవైపు తిరిగి నిలబడుతుంది. చెల్లి వచ్చి మిగతా సగం కొడుతుంది. కంప్యూటరు తెరుచుకుంటుంది. ఈ తతంగమంతా ఒక్క మాటైనా లేకుండా జరగబట్టి రెండేళ్ళు.

కొట్టు పెట్టిన కొత్తలో పెట్టుకున్న పద్ధతి అది. ఒకరికి చెప్పకుండా ఒకరు ఏ పనీ ఒప్పేసుకోకూడదని. అప్పట్లో అదో నవ్వులాట. స్టిక్కరు షీట్ల మీద అక్షరాలు కత్తిరించేది అక్క. వాటిని ఒక్క బుడగ రాకుండా బోర్డుకి అతికించేది చెల్లి. వీధిలో వాళ్ళు పెద్దదాన్ని కత్తెర అనీ, చిన్నదాన్ని జిగురు అనీ పిలిచేవాళ్ళు. ఇప్పుడు కత్తెరకీ జిగురుకీ మాటల్లేవు. ఏం చెప్పినా గోడకే.

"గోడా, నీలం షీటు అయిపోయిందని చెప్పు," అంటుంది జిగురు.

"గోడా, నాకు కళ్ళున్నాయని చెప్పు," అంటుంది కత్తెర.

గోడకి కాళ్ళూ చేతులూ ఉంటే ఎప్పుడో రెండు చేతులూ జోడించి పారిపోయేది.

జరిగింది పెద్ద విషయమేం కాదు. రెండేళ్ళ కిందట జిగురు ఒంటిచేత్తో తన మొదటి బోర్డు చేసింది, ఒక సెలూనుకి. అక్షరాలన్నీ గాలికి వాలినట్టు కాస్త పక్కకి ఒరిగి ఉంటాయి. సెలూను ఆయన మొహం చిట్లించాడు. "చిన్నది లెండి, ఇంకా నేర్చుకుంటోంది," అంది అక్క. అంతే. ఆ మాట ముల్లులా దిగి, తీసేకొద్దీ లోపలికే పోయింది.

చివరికి జిగురు ఊరవతల పెద్ద బోర్డుల కంపెనీలో పని మాట్లాడుకుంది. సోమవారం నుంచి చేరాలి. వెళ్ళేలోపు ఒక పని మిగిలింది. కొట్లో కంప్యూటర్ని నడిపే లైనక్సు పాతబడిపోయింది, కటింగ్ మెషిను కొత్త సాఫ్ట్‌వేరు దాంట్లోకి ఎక్కనంటోంది. శనివారం కూర్చుని కొత్త వెర్షన్‌కి అప్‌గ్రేడ్ చెయ్యడం, పాస్‌వర్డ్‌ని అక్క ఒక్కదానిదే చేసెయ్యడం, వెళ్ళిపోవడం.

ఆ శనివారం ఎదురుకొట్టు గడియారాల బాబాయి కూడా వచ్చి స్టూలేసుకున్నాడు.

"నీకేం పని బాబాయ్?" అంది జిగురు.

"అప్‌గ్రేడ్ అంటే మాటలా? పోయినసారి మీ ఇద్దరూ చూసుకోకుండా 'కొత్తది' నొక్కితే మీ కిటికీ పోయి నా కొట్టు వెనకాల తేలింది. మళ్ళీ ఏం ఎగిరొచ్చి పడుతుందో, కనిపెట్టుకుని ఉండొద్దూ?"

అక్క తన సగం కొట్టింది. చెల్లి తన సగం కొట్టింది. తెర నల్లబడి, తెల్ల అక్షరాలు చీమల బారులా పైకి పాకడం మొదలెట్టాయి. టీలు రెండుసార్లు అయ్యాక తెర ఆగింది.

*ప్రింటరు సెట్టింగులు. మీరు చేత్తో మార్చారు. పాతవే ఉంచాలా, కొత్తవి వెయ్యాలా, తేడా చూపించాలా?*

"పాతవే," అన్నారు ఇద్దరూ, గోడతో. జిగురు నొక్కింది.

ఫైళ్ళయ్యాక, ఎప్పటిలాగే కంప్యూటరు కొట్టు గురించి అడిగింది.

*మూడో మెట్టు కిర్రుమనడం. పాతదే ఉంచాలా?*

"ఉంచు, ఉంచు. అది లేకపోతే మనిషొచ్చినట్టు ఎలా తెలుస్తుంది?" అన్నాడు బాబాయి.

*గడియారాల బాబాయి మధ్యాహ్నం కునుకు.*

"దాని జోలికెళ్ళావంటే ఊరుకోను!"

జిగురు నవ్వాపుకుంటూ పాతదే నొక్కింది. చీమలు మళ్ళీ పాకాయి. మళ్ళీ ఆగాయి.

*సెలూను బోర్డు రోజు. చెల్లి జ్ఞాపకాల ప్రతి. చేత్తో చాలాసార్లు మార్చారు.*

జిగురు వేలు 'పాతదే' మీదకి వెళ్ళిపోయింది. కిటికీ పోయిన దగ్గర్నుంచీ అలవాటైపోయిన వేలది. కానీ సోమవారం ఎలాగూ ఇక్కడ ఉండదు. ఇన్నేళ్ళలో ఎవరూ నొక్కని మీట, ఒక్కసారి చూస్తే పోయేదేముంది? 'తేడా చూపించు' నొక్కింది.

తను చేర్చినవి పచ్చగా వచ్చాయి.

*అక్క నవ్వింది.*
*కొట్లో జనం ఉన్నారు. అందరూ విన్నారు.*

తను తీసేసినవి ఎర్రగా వచ్చాయి.

*కొట్లో సెలూను ఆయన తప్ప ఇంకెవరూ లేరు.*
*ఆయన బోర్డుని కాలితో పక్కకి తోశాడు. అక్క గొంతు వణికింది.*
*"నీకు కత్తిరించడం తప్ప ఏమొచ్చే?" అంది చెల్లి.*
*అక్క బోర్డు తుడిచి బీరువా వెనక దాచింది.*

జిగురు మొదటి మూడూ ఒకసారి చదివింది. నాలుగోది మూడుసార్లు చదివింది. లేచి బీరువా వెనక చెయ్యి పెట్టింది. పాత గుడ్డలో చుట్టిన బోర్డు బయటికొచ్చింది. అక్షరాలు అలాగే గాలికి వాలి ఉన్నాయి. ఒక్క బుడగ లేదు.

"కత్తిరించడం తప్ప నీకేమొచ్చని నేనన్నానా?" అంది.

"అన్నావు," అంది కత్తెర. గోడతో కాదు. "నన్ను జరగనీ. ఇప్పుడు నాది అడుగుతోంది."

*సెలూను బోర్డు రోజు. అక్క ప్రతి.*

అక్క కూడా తేడా చూపించమంది. మూడు తెరలు నిండాయి, పై నుంచి కింది దాకా పచ్చగా.

"ఏం తల్లీ, నవల రాశావా?" అన్నాడు బాబాయి.

"నువ్వు చదవకు బాబాయ్!" అని తెరకి చెయ్యి అడ్డం పెట్టింది కత్తెర. చెవులు ఎర్రబడ్డాయి. తను చేర్చినవన్నీ పోయేలా తనే 'కొత్తది' నొక్కింది. వెనక్కి వెళ్ళి చెల్లిది కూడా నొక్కబోయి, ఆగి చూసింది. జిగురు వచ్చి తనది తనే నొక్కింది.

ఏ కిటికీ ఎగరలేదు. కంప్యూటరు ఆరిపోయి వెలిగింది, కొత్త బొమ్మతో, కొత్త రంగుతో. పాత పాస్‌వర్డ్‌తోనే చెరి సగం కొట్టి లోపలికెళ్ళారు. ఇక మిగిలింది దాన్ని మార్చడమే.

*కొత్త పాస్‌వర్డ్ కొట్టండి.*

జిగురు కుర్చీలోంచి లేచింది. "కొట్టుకో అక్కా. నీ ఒక్కదానిదే. ఇక నాతో పనుండదు."

"నీ సగం నాకు ఆరేళ్ళ నుంచీ తెలుసే."

"ఎలా?"

"కొట్టేటప్పుడు పైకి గొణుగుతావు. గోడవైపు తిరిగితే ఇంకా బాగా వినపడుతుంది."

బాబాయి స్టూలు మీద వంగిపోయి నవ్వాడు. "నేను ఎదురుకొట్లోంచి విన్నాను!"

జిగురు నవ్వలేదు. "మరి రెండేళ్ళుగా రోజూ నాతో ఎందుకు కొట్టించావు? నువ్వే తెరుచుకోవచ్చుగా?"

కత్తెర కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచింది. "ఏదో ఒక రోజు కొట్టాక లేచి పోకుండా, ఒక మాటైనా అంటావేమోనని."

అప్పుడే జిగురు ఫోను మోగింది. పెద్ద బోర్డుల కంపెనీ. కొట్లో అందరికీ వినపడేంత పెద్ద గొంతు. "సోమవారం వస్తున్నారుగా అమ్మా?"

జిగురు బీరువాకి ఆనించిన బోర్డుని చూసింది. అక్కని చూసింది. అక్క అప్పటికే కొత్త పాస్‌వర్డ్‌లో తన సగం కొట్టేసి, లేచి, గోడవైపు తిరిగి నిలబడి ఉంది.

"రాలేనండీ, ఏమనుకోకండి," అంది జిగురు కుర్చీలో కూర్చుంటూ. "ఇక్కడ నేనింకా నేర్చుకుంటున్నాను లెండి."

ఫోను పక్కన పెట్టి, పెదాలు గట్టిగా బిగించి, తన సగం కొట్టింది.

"గొణిగావు," అంది గోడ దగ్గర్నుంచి అక్క.