ఆరోగ్యం కోసం చదివిన పేరు

పొద్దున ఏడు గంటల పూజకి సాంతా రీతా పెద్ద చర్చిలో జనం పన్నెండు మందికి మించరు. టీవీలో మాత్రం చర్చి కిటకిటలాడుతూ ఉంటుంది. బిషప్ గారి చానల్ మొదలై పద్నాలుగేళ్లయింది, మొదటి వారం నుంచీ ఇదే వరస. ఫాదర్ సిప్రియానో "వీరి ఆరోగ్యం కోసం" అంటూ పేర్లు చదువుతారు. పేరు చదివిన ప్రతి మనిషీ, కొండ మీద ఉన్నా ఆసుపత్రిలో ఉన్నా, ఆ క్షణాన ఎలా ఉంటే అలాగే వచ్చి బెంచీలో కూర్చుంటాడు. మామూలు కంటికి బెంచీ ఖాళీయే. కెమెరాలోంచి చూస్తేనే మనిషి ఉంటాడు. దేవుణ్ణి తండ్రీ అని పిలిచే పరలోక జపం ముగియగానే లేచి వెళ్లిపోతాడు. తాము వచ్చి కూర్చున్న సంగతి వాళ్లకి తెలీదు. ఆ వేళకి నడుముకి చెక్క గట్టిగా తగిలినట్టుంటుందని మాత్రం కొందరంటారు.

దీనికి ఆశ్చర్యపోయేవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. ఫిర్యాదు చేసేవాళ్లకి మాత్రం కొదవ లేదు. పూజ అయ్యీ అవకముందే ఫోను మోగుతుంది.

"మా అమ్మని కట్టుడు పళ్లు లేకుండా చూపించారేంటమ్మా? నలుగురూ చూసే చానలాయె."

"ఆ టైముకి పెట్టుకుని ఉంటే పెట్టుకునే వచ్చేదండీ," అంటుంది ఒటీలియా. చర్చిలో రెండో కెమెరా నడిపేది ఆమే.

పూజలో ఆరోగ్యం జాబితా అయ్యాక "వీరి ఆత్మశాంతి కోసం" అని ఇంకో జాబితా చదువుతారు. ఆ పేర్లకి ఎవరూ రారు. చనిపోయినవాళ్లు వచ్చి కూర్చోవడం ఇంతవరకూ ఒక్కసారీ జరగలేదు.

ఒటీలియా భర్త లిసాంద్రో పేరు ఏడేళ్లుగా ఈ రెండు జాబితాల్లో దేన్లోనూ లేదు. తుఫాను రోజున కాఫీ బస్తాల లారీ నడుపుతూ వంతెన మీంచి ఏట్లో పడిపోయాడు. లారీ దొరికింది. బస్తాలు కూడా కొన్ని దొరికాయి. మనిషి దొరకలేదు. తల్లి బతికుండగా పేరు ఇవ్వాల్సింది తల్లే, భార్య ఇస్తే ఫాదర్ చదవరు. అది అక్కడి ఆచారం. ఆ తల్లి దోన్యా ఎర్లిందా ఇవ్వలేదు. ఖాళీ బెంచీ చూడ్డం కంటే ఏమీ తెలియకపోవడమే నయమనుకుంది. ఆవిణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అత్తాకోడళ్లిద్దరూ అదే ఇంట్లో, అదే పొయ్యి మీద మొక్కజొన్న రొట్టెలు కాల్చుకుంటూ, ఆ ఒక్క మాట తప్ప అన్నీ మాట్లాడుకునేవారు.

ఇలా ఉండగా ఫకుందో ఒటీలియాని పెళ్లి చేసుకుంటానన్నాడు. ఏ కెమెరా చూపేది ఇళ్లకి వెళ్లాలో పైగదిలో కూర్చుని మీట నొక్కి తేల్చేది అతనే. భార్య పోయిన మనిషి, నెమ్మదస్తుడు. మూడేళ్లుగా రోజూ హెడ్‌ఫోన్‌లో "కొంచెం ఎడమకి, ఒటీలియా" అనే ఆ గొంతు వినకపోతే తనకి పూట గడవదని ఆమెకీ తెలిసొచ్చింది. ఇద్దరూ కలిసి బిషప్ గారి ఆఫీసుకి వెళ్లారు.

"మొదటి ఆయన పోయినట్టు రుజువేదీ?" అన్నాడు గుమాస్తా. "పేరు ఆరోగ్యం జాబితాలో చదివించండి. నేను టీవీ ముందు కూర్చుని చూస్తాను. కనబడకపోతే మీ పెళ్లికి అడ్డు లేదు. కనబడ్డాడా, ఇక ఆ మాట ఎత్తకండి."

అత్తగారిని అడగడానికి ఒటీలియాకి మనసొప్పలేదు. నెల గడిచింది. చివరికి ఆవిడే కదిపింది.

"ఏమే, ఆ బక్కాయన నిన్నడిగాడట కదా?"

"ఎవరు చెప్పారత్తా?"

"ఊరంతా తెలిసింది నాకు తెలీకుండా ఉంటుందా? నాకు కళ్లు ఆనవు గానీ చెవులకేం రోగం?"

ఒటీలియా పెనం మీద రొట్టె తిప్పింది.

"వాడి పేరు ఇస్తాను," అంది ముసలావిడ.

"వద్దత్తా. మీరు తట్టుకోలేరు."

"నలభై నాలుగేళ్లొచ్చాయి నీకు. నా ఆశకి నిన్ను కాపలా పెట్టి కూర్చోబెట్టాను. చేసింది చాలు. కాగితం ఇలా పట్టుకురా."

పెద్ద పెద్ద అక్షరాలతో కొడుకు పేరు తనే రాసింది. రాశాక చాలాసేపు కలం చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు ఒటీలియా కెమెరా వెనక నిలబడి, ఏమని మొక్కుకోవాలో తోచక ఏమీ మొక్కుకోలేదు. అతను రాకుంటే బాగుండునని లోపల ఎక్కడో అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడింది. ఫాదర్ నూట ముప్ఫైయొక్క పేర్లు చదివారు. లిసాంద్రో పాగ్వాదా ఇరవయ్యోది. బెంచీలు నిండాయి. దుప్పట్లు కప్పుకున్నవాళ్లు, ముక్కులో గొట్టాలున్నవాళ్లు, నిద్రలో నోరు తెరిచినవాళ్లు.

"ఉన్నాడా?" హెడ్‌ఫోన్‌లో ఫకుందో గొంతు.

"చూస్తున్నా."

ఒక్కో బెంచీ వెతుక్కుంటూ వెనక్కి వెళ్లింది. ఆఖరి బెంచీలో, స్తంభం పక్కన, లిసాంద్రో ఉన్నాడు.

గడ్డం గీసుకుంటూ వచ్చాడు. ఒక చెంప నున్నగా ఉంది, ఇంకో చెంప నిండా సబ్బు నురగ. జుట్టు నెరిసింది. రేజరు పట్టుకున్న చేతి మణికట్టుకి చిన్నపిల్లల జడకి పెట్టే ఎర్రపూసల రబ్బరు ఉంది. అంటే ఎక్కడో ఒక ఇల్లుంది. ఆ ఇంట్లో తన గడ్డం అయ్యాక ఒక పాపకి జడ వేస్తాడు. ఒటీలియాకి ఒళ్లు మండింది. ఏడేళ్లపాటు మెతుకు గొంతు దిగని రోజులు ఎన్నో గడిపిన ఆ ముసలి తల్లి గుర్తొచ్చి ఇంకా మండింది.

దూరంనుంచి చూపిస్తే అతన్ని ఎవరూ పోల్చుకోలేరు. నూట ముప్ఫైయొక్క తలల్లో అదొక తల. గుమాస్తా "కనబడలేదు" అని రాసుకుంటాడు. ఫాదర్ అప్పటికే పరలోక జపం అందుకున్నారు. ఆమె చేయాల్సిందల్లా కెమెరాని మెల్లగా బలిపీఠం వైపు తిప్పడమే.

ఇంట్లో ఆవిడ ఈపాటికి కుర్చీని టీవీకి ఆనించుకుని ఉంటుంది. అద్దానికి ముక్కు తాకేలా వంగి, ఆ తలల్లో కొడుకుని వెతుక్కుంటూ ఉంటుంది.

ఒటీలియా కెమెరాని ముందుకి జరిపింది. లిసాంద్రో ముఖం నిండుగా వచ్చింది. గడ్డం కింద తెగిన చోట చిన్న రక్తపు చుక్క కూడా కనబడింది. కానీ ఆమె కెమెరా చూపేది ఇంకా ఎవరి ఇంటికీ వెళ్లడం లేదు. ఇళ్లల్లో అందరూ మొదటి కెమెరాలో ఫాదర్‌ని చూస్తున్నారు.

"చూశావా?" అంది గొంతు తగ్గించి.

"చూశాను," అన్నాడు ఫకుందో.

"నావల్ల అయ్యింది నేను చేశాను. ఇక నీ ఇష్టం."

మీట నొక్కకుండా ఊరుకున్నా అతన్ని నిలదీసేవాళ్లు లేరు. ఆమె కూడా నిలదీయదు. జపం దేవుణ్ణి ఏ రోజుకా రోజు అన్నం అడిగే చోటు దాటింది. తప్పులు మన్నించమని అడిగే చోటికి వచ్చింది.

కెమెరా నెత్తిన ఎర్రదీపం వెలిగింది. లిసాంద్రో ముఖం ఇంటింటికీ వెళ్తోందని దానర్థం.

"ఇంకాస్త దగ్గరికి వెళ్లు, ఒటీలియా," అన్నాడు ఫకుందో. "ఆవిడకి చూపు ఆనదు."