మందు కలిపిన నీళ్లు

కృష్ణా నది నీళ్లు ఆ ఊరికి చేరేది జాన్ సాహెబ్ చేతుల మీదుగానే. కాలవ నీటిని చెరువుకి పెట్టి, అక్కణ్ణించి ఇసుక పొరల గుండా వడగట్టి, చివర బ్లీచింగు కలిపి ట్యాంకుకి ఎక్కించడం ఆయన ఉద్యోగం. ఆ వారం ఎక్కడో పైపు పగిలి మురుగు కలిసింది. ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. పైపు అతికించాక ఆయన బ్లీచింగు కాస్త ఎక్కువే వేసి, ఆటో ఎక్కి మైకు పట్టుకున్నాడు.

"నీళ్లలో మందు కలిపాం. భయపడకుండా కుళాయి నీళ్లే తాగండి. బోరింగు నీళ్లు ముట్టుకోవద్దు."

పత్తి, మిరప పండే ఊళ్లో మందంటే పురుగుల మందే. ఆ సంగతి ఆయనకు తెలియనిది కాదు. ప్లాంటులో రోజూ అనే మాటే నోటికి వచ్చేసింది. ఆటో చివరి వీధికి చేరేసరికి ఆడవాళ్లు బిందెలు ఒంపేస్తున్నారు.

"ఏంది సాయిబూ, ఊరంతటినీ ఒకేసారి పంపిద్దామనా?" అంది ఒక ముసలామె.

"అది బ్లీచింగే పెద్దమ్మా!"

"ఇందాక మందన్నావుగా. ఏదో ఒక మాట మీద ఉండయ్యా!"

అందరూ నవ్వారు. నవ్వుతూనే వెళ్లి, మురుగు పక్కనున్న బోరింగు దగ్గర వరస కట్టారు.

ధనలక్ష్మి నవ్వలేదు. ఆమెది జాన్ సాహెబ్ పక్కిల్లు. మిరపతోట ఎండిపోయిన ఏడు ఆమె భర్త చేలోనే మందు తాగి పోయాడు. ఆమె కుళాయి దగ్గర వంగి వాసన చూసి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"నా వల్ల కాదు తమ్ముడూ."

"ఇది ఆ మందు కాదక్కా. చూడు, నేను తాగుతున్నా." చెంబెడూ గటగటా తాగాడు.

"ఎంత అరిచావో, గొంతు బొంగురుపోయింది" అంటూ ఆమె బెల్లం ముక్క తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. తరవాత బిందె తీసుకుని బోరింగు వైపు నడిచింది.

బ్లీచింగు తగ్గిస్తే వాసన పోతుంది, ఆమె తాగుతుంది. పైపుల్లో మిగిలిన రోగం మాత్రం పోదు. మర్నాడు ప్లాంటులో ఎంతసేపు తర్జనభర్జన పడ్డా ఆయనకు తగ్గించడానికి చెయ్యి రాలేదు. మళ్లీ ఆటో ఎక్కి, ఈసారి బ్లీచింగనే చెప్పాడు. ఎవరూ గుమ్మంలోకి కూడా రాలేదు.

ఆ వారం దాటకముందే ధనలక్ష్మి వాంతులు, విరేచనాలతో పడిపోయింది. ఆస్పత్రికి చేర్చేసరికే ఆలస్యమైందన్నాడు డాక్టరు. సెలైను ఎక్కుతున్నా ఆమె పెదాలు ఎండిపోతున్నాయి. జాన్ సాహెబ్ గ్లాసు ఆనించాడు.

"ఇయ్యి మీ నీళ్లేనా?"

కాదంటే తాగేదేమో. ఆమె కళ్లలోకి చూస్తూ అబద్ధం ఆడలేకపోయాడు.

"అవునక్కా."

ఆమె ఆయన చేతిని మెల్లగా తట్టి, తల పక్కకి తిప్పుకుంది. పొద్దుగూకకముందే పోయింది.

ఇంటికి తెచ్చాక, శవానికి స్నానం చేయించాలని ఎవరో కుళాయి తిప్పారు. "తాగడానికి కాదుగా, దీనికైతే పర్లేదులే" అంది ముసలామె.

జాన్ సాహెబే బిందెలు పట్టాడు. నీళ్లు తేటగా ఉన్నాయి.