ఇరవై రెండో వేట

ఇంకా చావదేం ఇది, నాలుగు బాణాలు గుచ్చుకున్నా, ఎడమ ముంగాలు తెగి తోలు మీద వేలాడుతున్నా, బురదలోంచి లేచి మళ్ళీ మీదికే వస్తోంది, ఇప్పుడు కుడివైపు దొర్లాలి, దొర్లాడు, రెండు వేట్లు వేసి వెనక్కి జరగాలి, జరిగాడు, అది తల వంచిందంటే వెంటనే తోక విసురుతుంది, ఆ ఒక్క సంగతి తెలియడానికే సుదర్శన్‌రావు పోయిన వారం పద్దెనిమిదిసార్లు చచ్చాడు, చచ్చినప్పుడల్లా కంప్యూటరు తెర మీద పైనుంచి కిందికి నెత్తురు కారింది, మళ్ళీ అడవి అంచున మంట పక్కన కత్తితో సహా లేచి కూర్చున్నాడు, ఇప్పుడు చావడు, దీన్ని ఎలా చంపాలో ఇప్పుడు వేళ్ళకే తెలుసు, ఇంకొక్క వేటు, పడింది, మొసలి తలకాయ, మనిషి రొమ్ము ఉన్న ఆ దయ్యం బురదలో వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది, ముప్పై రెండేళ్ళవాడు, కరీంనగర్ బస్టాండు వెనక సందులో పదకొండు కంప్యూటర్లున్న సెంటరుకు యజమాని, ఆదివారం మధ్యాహ్నం పంతుల్లేరు, క్లాసుల్లేవు, ఎవరో స్టూడెంటు హైదరాబాద్ నుంచి తెచ్చిన దొంగ సీడీలోని ఆటలో ఒక దయ్యాన్ని చంపి ఊపిరి వదిలాడు, ఇక బటన్ నొక్కి పట్టుకుంటే వేటగాడు మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని ఒలుస్తాడు, తడిగుడ్డ చింపినట్టు ఆ చప్పుడు, ఎవడు రికార్డు చేశాడో, ఏ మాంసం దగ్గర మైకు పెట్టి చేశాడో, తోలు రెండు, గోరు ఒకటి, కొమ్ము దొరకలేదు, కమ్మరికి మూడు కొమ్ములు ఇస్తేనే కత్తి పదును పెరుగుతుంది, అంటే దీన్ని మళ్ళీ చంపాలి, మౌసు కదలనంటోంది, తిరగేసి మూత తీసి గోళీ బయటికి లాగితే లోపలి చక్రాలకు నల్లగా మెత్తగా పేరుకున్న మురికి, ఎంతమంది చేతుల చెమటో, ఎవడి గుట్కానో, గోరుతో గీకి తీశాడు, గోరు సందులోకి పోయింది, ప్యాంటుకు తుడిచాడు, పోలేదు, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు, ఎందుకు చూశాడో, ఛీ.

చేతనైతే ఆపెయ్యాలి, కానీ ఆపలేడు, ఎందుకంటే ఈ ఆటలో ఏదీ వృథా పోదు, ఒక్కో వేటకు ఇన్ని పాయింట్లు, పాయింట్లు నిండితే ఒక మెట్టు, మెట్టెక్కితే అయిదు చుక్కలు ఇస్తారు, అవి బలానికి పంచుకుంటావో, చురుకుకు పంచుకుంటావో, ఆయుష్షుకు పంచుకుంటావో నీ ఇష్టం, సుదర్శన్‌రావు మొదట్లో అన్నీ బలానికే పోశాడు, తర్వాత తెలివొచ్చింది, చురుకు లేని బలం నాలుగో వేట దాటదు, ఇప్పుడు ఇరవై ఒకటో మెట్టు మీద ఉన్నాడు, మొదటి మెట్టు మీద ఉన్నప్పుడు ఆ ఊరి జనం ఇతన్ని చూసి ఉమ్మేవాళ్ళు, పదో మెట్టుకు పక్కకు జరిగి దారిచ్చారు, ఇప్పుడు అరుగుల మీది నుంచి లేచి నిలబడుతున్నారు, అది చూసినప్పుడల్లా గుండెలో ఒక వెచ్చదనం, ఆ వెంటనే దాని మీద రోత, లేని మనుషులు లేచి నిలబడితే సంబరపడే ఈ మనసు ఏం మనసు, ఇంకో ఆరు నెలల్లో రెండువేల సంవత్సరం వస్తుంది, తారీఖులు తప్పి కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని పేపర్లు రాస్తున్నాయి, ఆగిపోనీ, అన్నీ ఆగిపోనీ, ఆ మూలన ఒక్క కంప్యూటరు మీద టకటకమని చప్పుడు, బాలలక్ష్మి, కోరుట్ల పిల్ల, ఇంటరు పాసై రెండు వారాల కింద చేరింది, సెలవు రోజైనా వచ్చి ప్రాక్టీసు చేసుకుంటానంటే సరేనన్నాడు, తలెత్తదు, మాట్లాడదు, ఆమె ముందు ఈ ఆట ఆడటం బాగోలేదని తెలుసు, తెర జర పక్కకు తిప్పుకుని ఆడుతూనే ఉన్నాడు.

కొమ్ములు దొరికాయి, ఏడో చావుకు మూడోది దొరికింది, కత్తికి నీలం రంగు అంచు వచ్చింది, ఊరి పెద్ద తలుపు మీద ఇరవై రెండో వేట కాగితం అంటించి ఉంది, ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ పోయాడు, ఊరి చివర ఒక ముసలిది ఉంది, బావిలో విషం కలిపింది, పిల్లలు నురగలు కక్కుకుని పడిపోతున్నారు, దాన్ని చంపినట్టు గుర్తుగా దాని పళ్ళు తెచ్చివ్వాలి, పళ్ళు, ఆ మాట దగ్గర కన్ను ఆగింది, మధ్యాహ్నం తిన్న చేపల కూర గొంతులోకి వచ్చి మళ్ళీ లోపలికి పోయింది, అయినా చేయి మౌసును వదల్లేదు, వేటగాడు అడవి బాట పట్టి గుడిసెలోకి పోయాడు, ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది, ఏమీ అనలేదు, మీద పడలేదు, వేటు వేస్తే గానీ ఆట ముందుకు పోదు, వేశాడు, అప్పుడు ముసలిది ఉబ్బింది, వీపు చీలి రెక్కలు వచ్చాయి, నోరు చెవుల దాకా తెరుచుకుంది, ఎంత మర్యాదస్తులు ఈ ఆట చేసినవాళ్ళు, మన చేయి వెనకాడకుండా మొదటి దెబ్బకే ఆమెను దయ్యం చేసి పెట్టారు, లింగవ్వ ఉబ్బలేదు, లింగవ్వకు రెక్కలు రాలేదు, ఎన్ని దెబ్బలు పడ్డా లింగవ్వ లింగవ్వలాగే ఉంది.

ఏం జేసింది సార్ గా ముసలామె, వెనక నుంచి గొంతు, బాలలక్ష్మి ఎప్పుడు లేచి వచ్చిందో, చేతిలో ప్రింటు కాగితం పట్టుకుని తెర వైపు చూస్తోంది, ఏం లేదమ్మా, ఆట, అన్నాడు, తెర మీద రెక్కల ముసలిది ఇతన్ని చంపేసింది, నెత్తురు కారింది, అతనికి మాత్రం కళ్ళ ముందు మెట్‌పల్లి అవతలి తమ ఊరు, పన్నెండేళ్ళ కిందటి వర్షాకాలం, తను డిగ్రీ చదువుతూ సెలవులకు పోయినప్పుడు, చెల్లెలు నర్మద పదహారేళ్ళది, కంచం ముందు కూర్చున్నది కూర్చున్నట్టే పడి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, డాక్టరు ఫిట్స్ అన్నాడు, రోజూ గోలీ వేస్తే తగ్గుతుందన్నాడు, నిజంగానే తగ్గింది, ఇప్పుడు భైంసాలో ఇద్దరు పిల్లల తల్లి, కానీ గోలీ పని చేసేదాకా బాపు ఆగలేదు, దొర బిడ్డకే బాణామతి చేసినోళ్ళు ఎవలు అని ఊరంతా గుసగుస, నర్మద తలకు ఆ వారం నూనె పెట్టింది లింగవ్వ, పుట్టినప్పటి నుంచీ పెడుతూనే ఉంది, తనకూ పెట్టింది, తనను కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసిన మనిషి, మొగుడు లేడు, ఒక్క బిడ్డను కోరుట్లకు ఇచ్చి ఒంటరిగా ఉంటుంది, ఇంకేం కావాలి జనానికి, పళ్ళు ఊడగొడితే మంత్రం పారదని వాళ్ళ నమ్మకం, పొద్దున్నే ఆమె ఇంటి ముందు అరవై మంది, గొడుగు పట్టుకుని దూరంగా బాపు, ముందు నిలబడింది తమ జీతగాడు అంతయ్య, తర్వాత ఆ చప్పుడు, బాపు ఇగ చాలు అనేదాకా ఆగని ఆ చప్పుడు, బురదలో చిన్న చిన్న తెల్లటి ముక్కలు, ఎవడో వాటిని చెప్పుతో నెట్టి చూసి నవ్వాడు, ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ వాంతి వస్తుంది, మనుషులా వాళ్ళు, పశువులు, తను మాత్రం చెయ్యి వేయలేదు, ఒక పక్కకు నిలబడ్డాడు, ఇంటికి పోయి కక్కుకున్నాడు, పన్నెండేళ్ళుగా ఆ కక్కుకోవడమే తన మంచితనానికి సాక్ష్యం.

సార్, మీకు ఎరుకనా, మాది కోరుట్ల గనీ మా అమ్మమ్మది మీ ఊరే, అంటోంది బాలలక్ష్మి, కాగితం అంచు మడతపెడుతూ, ఇన్నొద్దులు చెప్పుడెట్లనో తెల్వక చెప్పలే, లింగవ్వ అని, గిప్పుడు మాతాన్నే ఉంటది, కంప్యూటర్ నేర్సుకుంటనంటే కరీంనగర్ల చిన్నదొర సెంటర్ పెట్టిండట, గక్కడికే పో అన్నది, మా బాపు వద్దన్నడు, గా ఇంటోళ్ళ మొకం సూడొద్దన్నడు, మా అమ్మమ్మ ఇనలే, గాయన అసుంటోడు కాదు, గా దినం గాయన పిలిస్తెనే నేను బతికిన, లేకుంటే ఇల్లు అంటువెడుతుండిరి, ఇంట్లనే కాలి సచ్చేదాన్ని అన్నది సార్, ఇప్పుడు బువ్వ మెత్తగ పిసికి పెడితేనే తింటది, గనీ మీ ముచ్చట తీస్తే చేతులెత్తి మొక్కుతది, సుదర్శన్‌రావు తెర ఆర్పేశాడు, మొక్కుతుందట, ఆ చేతులతో, ఇల్లు అంటుపెట్టాలని ఎవరన్నారు, వానలో తడిసి ముద్దైన ఇల్లు, ఎవరి దగ్గరా అగ్గిపెట్టె కూడా లేదు, పాపం ఆ ముసలి మనిషి పన్నెండేళ్ళు కూర్చుని తనకోసం ఒక కారణం కట్టుకుంది, తన పిల్లాడిలాంటి వాణ్ణి దోషిని చేయలేక ఆ మంటను తనే పుట్టించుకుంది, ఇంత రోత ఆ తెల్లటి ముక్కల్ని చూసినప్పుడు కూడా కలగలేదు, ఇది తన చర్మం మీది రోత, గీకితే పోయేది కాదు.

లోపలి గొళ్ళెం పెట్టుకుంది లింగవ్వ ఆ రోజు, ఎవరు పిలిచినా తీయలేదు, తలుపు టేకుది, బాపు తాతలు ఇప్పించిన తలుపు, పగలగొట్టడం తేలిక కాదు, పొద్దెక్కితే జనం చల్లబడి పోయేవాళ్ళే, కొందరు అప్పటికే నాట్ల పని ఉందని కదులుతున్నారు, అప్పుడు బాపు తన వైపు చూశాడు, నువ్వు పిలు, నీ మాట ఇంటది అన్నాడు, తను తలుపు దాకా నడిచాడు, ఎవరూ తోయలేదు, అవ్వా నేను, జర తలుపు తియ్యి, ఏం గాదు నేనున్న, అన్నాడు, ఎవలు చిన్నదొరనా అని లోపలి నుంచి గొంతు, గొళ్ళెం చప్పుడు, ఆ దసరాకే బాపు మోటారు సైకిలు కొనిచ్చాడు, ఊళ్ళో పెద్దవాళ్ళు మంచాల మీది నుంచి లేచి తనకు దండాలు పెట్టారు, సార్, మా అమ్మమ్మకు ఏమన్న చెప్పాల్నా, వచ్చే ఆదివారం పోతున్న, అంటోంది బాలలక్ష్మి, చెప్పాలి, నేను వస్తా, నేనే వచ్చి చెప్తా, అన్నాడు, ఆ పిల్ల ముఖం సంతోషంతో విప్పారింది, ఏం వినబోతోందో తెలియని ఆ సంతోషాన్ని చూడలేక తల దించుకున్నాడు, ఏం చెప్పాలో మాత్రం ఇప్పుడు స్పష్టంగా ఉంది, నాకు తెలియదు అని చెప్పలేడు, భయపడ్డా అని చెప్పలేడు, తలుపు దగ్గరికి పోతున్నప్పుడు అంతయ్య పక్కనుంచే పోయాడు, అంతయ్య వీపు వెనక చేతిలో మోటారు షెడ్డు పట్కారు ఉంది, చూశాడు, అది ఎందుకో ఆ క్షణంలోనే అర్థమైంది, అర్థమైన తర్వాతే గొంతు మెత్తగా చేసుకున్నాడు.