పచ్చదీపం వెనక పాత ఫైలు

ఆ ఆఫీసులో అతన్ని అందరూ మెరుపు అనేవారు. చేతివేగం చూసి పెట్టిన పేరు. చేతివేగం ఉన్నవాడికి నోటిదురుసు కూడా ఉంటుంది, అదే జబ్బు.

వాళ్ళది బస్సు వేళలు చూపించే యాప్. వెళ్ళిపోయిన బస్సును కూడా "వస్తోంది" అని చూపిస్తోంది. మెరుపు సరిచేశానన్నాడు. యాప్‌ను పరీక్షించే అక్క, తప్పు అలాగే ఉందంది. మళ్ళీ సరిచేశానన్నాడు. మళ్ళీ అలాగే ఉందంది.

"ముందు కళ్ళద్దాలు మార్చుకో అక్కా. తప్పు యాప్‌లో లేదు, నీ ముక్కు మీదుంది," అన్నాడు పోయిన వారం నిండు మీటింగులో.

గది గొల్లుమంది. మేనేజరూ నవ్వాడు. నవ్వి ఊరుకోలేదు, ఆమెను టెస్టింగు నుంచి తీసేస్తానన్నాడు. ఆ మాట ఇవాళ సాయంత్రం మీటింగులో ఖాయమవుతుంది.

ఇవాళే మెరుపు బిల్డ్ స్క్రిప్టు బాగుచేయడానికి కూర్చున్నాడు. అందరూ రాసిన కోడును కూర్చి యాప్‌గా తయారుచేసేది అదే. ఎవడికి తోచిన అతుకు వాడు వేసి వదిలేశాడు. మధ్యలో ఒక లైను: తప్పు వస్తే నోరుమూసుకుని ముందుకెళ్ళు. చివర ఇంకోటి: తయారైన యాప్ ఫైలు ఉందా? ఉంటే పచ్చదీపం, అంతా సవ్యమని. ఆ ఫైలు ఇవాళ్టిదా, పోయిన నెలదా అని అడిగే దిక్కులేదు. కుండ కనబడితే చాలు, వంటయిందని జనాన్ని భోజనానికి పిలిచినట్టు!

మొదటి లైను పీకేశాడు. తప్పు వస్తే ఇక అక్కడే ఆగి అరవాలి. రెండోదాన్ని మార్చాడు: ముందు పాత ఫైలు చెరిపెయ్, కొత్తది పుట్టిందో లేదో చూడు. నడిపాడు.

ఎర్రదీపం.

అరిచింది అతని కోడు మీదే. తన మెషీనులో ఉన్న ఒక ఫైలును అందరి కోడులో చేర్చడం మరిచాడు. సరిచేసింది అతని దగ్గర నడిచింది, బిల్డులో ఏ రోజూ నడవలేదు. అక్క చేతికి ప్రతిసారీ వెళ్ళింది పాత యాపే. ఆమె ఉన్నదే చూసింది, చూసిందే చెప్పింది.

చెవులు కాలిపోయాయి. అయినా చేతులు చేసిన పని చూడండి: ఆ ఫైలు చేర్చి, గుట్టుచప్పుడు కాకుండా మళ్ళీ నడిపాయి. పచ్చదీపం.

కాసేపటికి అక్క వచ్చింది, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

"ఆ తప్పు పోయింది తమ్ముడూ. ఇప్పుడు సరిగ్గా చూపిస్తోంది. ఇన్నాళ్ళూ నేనే సరిగ్గా చూడలేదేమో. ఏమనుకోకు."

ఏమనుకోకు అట! చెప్పు తీసుకుని కొట్టినా ఇంత తగిలేది కాదు.

"కాదక్కా... నా కోడు ఇవాళ్టిదాకా యాప్‌లోకి రానేలేదు. నువ్వన్నదే నిజం. తప్పయిపోయింది," అన్నాడు, ఆమె ఒక్కదానికే వినబడేలా.

ఆమె అద్దాలు పెట్టుకుంది.

"గుసగుసలెందుకు? ఆ రోజు నీ గొంతు లిఫ్టు దాకా వినబడిందిగా. ఇవాళ జలుబు చేసిందా?"

మీటింగు గదిలో జనం కూర్చుంటున్నారు. మెరుపు ల్యాప్‌టాప్ పట్టుకుని లోపలికి నడిచాడు. ఎర్రదీపం వెలిగినప్పటి తప్పుల చిట్టా తెరిచి, గోడమీది పెద్ద తెర మీద పెట్టాడు. నోరు తెరిచాడు. ఏదో గొణిగాడు.

"పెద్దగా," అంది అక్క, వెనక కుర్చీలోంచి.