తోటికోడలి దవడనొప్పి

ఎదుటి మనిషి నొప్పిని చూసి అసూయపడేవాళ్ళు కూడా ఉంటారా అని మీరు అడగవచ్చు. ఉంటారండీ, లేకేం! పక్కింటివాళ్ళ నగలు చూసి కుళ్ళుకునేవాళ్ళను మనం ఇట్టే పసిగడతాం. పక్కమనిషికి జబ్బు చేస్తే దొరికే పలకరింపును చూసి కుళ్ళుకునేవాళ్ళను మాత్రం గుర్తుపట్టం. ఎందుకంటే చాలాసార్లు ఆ మనిషి మనమే.

ఒక ఇంట్లో కింద ఆడవాళ్ళ బట్టలు కుట్టే దుకాణం, పైన కాపురం. అన్నదమ్ములిద్దరూ బయట ఉద్యోగాలకు పోతారు. దుకాణం చూసుకునేది వాళ్ళ తల్లి, ఇద్దరు కోడళ్ళు. చిన్నకోడలు మిషను తొక్కుతుంది. పెద్దకోడలు వచ్చినవాళ్ళ ఒంటిమీదే బట్ట సరిచూసి, ఎక్కడ లాగాలో ఎక్కడ వదలాలో గుండుసూదులు గుచ్చి నిలబెడుతుంది. రెండు చేతులూ బట్టమీదే ఉండాలి కనుక సూదులన్నీ పళ్ళమధ్య కరిచిపట్టుకునేది. దారం తెంచాలన్నా పళ్ళే. కత్తెర అందుకోవడం కూడా ఆవిడకు ఆలస్యం కిందే లెక్క. "మా పెద్దకోడలికి నోరు కూడా ఒక పనిముట్టే" అని అత్తగారు మురిసిపోయేది.

వచ్చినవాళ్ళంతా "పెద్దావిడ చూస్తేనే మాకు నప్పుతుంది" అనేవారు. ఆ మాట చెవినపడ్డప్పుడల్లా చిన్నకోడలు మిషనును మరింత గట్టిగా తొక్కేది. నడుము విరిగేలా కుట్టేది తను, పేరేమో అక్కకా? ఒళ్ళు మండిపోయేది ఆవిడకు.

అలాంటి పెద్దకోడలికి ఎడమ దవడ పట్టుకుంది. మొదట చెవి ముందర సలుపు. అది కణతదాకా పాకింది. నోరు తెరిస్తే టక్కుమని చప్పుడు, నమిలితే ప్రాణం పోయినంత పని. పన్ను నొప్పి కాబోలనుకుని పళ్ళ వైద్యుడి దగ్గరకు పరుగెత్తింది. ఆయన ఎక్స్‌రే ఫోటో తీసి "పళ్ళకేమీ లేదే" అంటూనే, ఆవిడ పోరు పడలేక ఒక పన్ను పీకాడు. తగ్గలేదు. పక్కది కూడా పీకించుకుంది. అదీ దండగే అయింది.

అత్తగారు మాత్రం కోడలికోసం అన్నం మెత్తగా చిదిమి పెట్టేది, గుడ్డ వేడిచేసి చెంపకు కాపడం పెట్టేది, మధ్యాహ్నం కాసేపు పడుకోమనేది. ఇక చూసుకోండి చిన్నకోడలి బాధ!

"మొన్న నాకు జ్వరమొస్తే మాత్ర మింగి మిషను ఎక్కమన్నారు. అక్కకేమో పసిపిల్లకు పెట్టినట్టు పెడుతున్నారు. నేను మనిషిని కానా అత్తయ్యా?" అని నిలదీసింది.

"దానికి నమలడానికి లేదే తల్లీ."

"పళ్ళకేమీ లేదని డాక్టరే అన్నాడుగా! మరి నొప్పెక్కడుందిట? గాల్లోనా?"

అంతటితో ఊరుకుందా? దుకాణానికి వచ్చినవాళ్ళ చెవిలో వేసింది. "ఏం చెప్పమంటారు, అంతా నటన" అని పెదవి విరిచింది. మొగుడి ద్వారా ఆ మాట బావగారిదాకా చేరవేసింది. ఆయనకు భార్య బాధకంటే తమ్ముడి మాటమీద నమ్మకం ఎక్కువ. "ఫోటోలో లేని నొప్పి నీకెక్కణ్ణుంచి వచ్చిందే?" అని ఒకరోజు అందరిముందూ అనేశాడు.

ఆ రోజు నుంచి పెద్దకోడలు నొప్పి అనే మాటే ఎత్తలేదు. పళ్ళు బిగబట్టుకుని పనిచేసింది. సూదులు గుచ్చుతూ ఉంటే కళ్ళవెంట నీళ్ళు కారేవి. చివరికి మూడో పన్ను కూడా పీకించుకుంటానని పట్టుబట్టింది. "నోరంతా బోసిపోయినా సరే అత్తయ్యా. అప్పుడైనా ఆయన నమ్ముతారు" అంది. ఎంత ఘోరమో చూడండి. తగ్గుతుందన్న ఆశతో కాదు, నమ్ముతారన్న ఆశతో బంగారంలాంటి పన్ను పీకించుకోవడానికి సిద్ధపడింది ఆ ఇల్లాలు!

ముఖం, నోరు, దవడ నొప్పులకే వైద్యం చేసే డాక్టరమ్మ ఒకావిడ ఉందని ఎవరో చెబితే, పన్ను పీకేముందు అక్కడ చూపించాలంది అత్తగారు. తోడు ఎవరు వెళ్తారంటే చిన్నకోడలు ముందుకొచ్చింది. ప్రేమ అనుకునేరు! 'ఏమీ లేదు' అన్న మాట తన చెవులారా విని, వీధంతా టాంటాం వెయ్యాలని ఆవిడ ఆశ.

డాక్టరమ్మ పన్ను జోలికే పోలేదు. ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే పెరుగుతుంది, రోజంతా ఏం పని చేస్తావు అని ఓపికగా అడిగింది. పెద్దకోడలు తప్పు చేసినదానిలా తలదించుకుంది. "ఫోటోల్లో ఏమీ లేదండీ. అంతా నటన అంటున్నారు."

"ఎవరంటున్నారు?"

పెద్దకోడలు పలకలేదు. చిన్నకోడలికి అదీ కంటగింపే అయింది. 'చూడు, ఇక్కడ కూడా మంచిదన్న పేరు తనకే దక్కాలి!'

"నువ్విలా రామ్మా" అని డాక్టరమ్మ చిన్నకోడలినే పిలిచింది. "నీ చెంపమీద వేళ్ళు పెట్టుకుని పళ్ళు బిగించు. గట్టిపడిందా? ఇప్పుడు వదిలెయ్. మెత్తబడింది కదూ? ఇప్పుడు మీ అక్క చెంప పట్టుకుని చూడు."

చిన్నకోడలు చెయ్యి పెట్టింది. కింద రాయి ఉన్నట్టుంది. వేలు ఆనగానే పెద్దకోడలు విలవిల్లాడింది.

"పళ్ళు బిగించకక్కా, వదిలెయ్."

"వదిలేశానే చెల్లీ. ఇంతకంటే వదలడం నాకు చేతకావట్లేదు."

చిన్నకోడలు చెయ్యి అక్కడినుంచి తియ్యలేకపోయింది.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "పన్నుది కాదమ్మా ఈ నొప్పి. చెవి ముందర దవడ కీలు ఉంటుంది, నమిలే కండరాలు ఉంటాయి. ఏళ్ళతరబడి సూదులు కరిచి, దారాలు కొరికి అవి అలిసిపోయాయి. మామూలు ఫోటోలో కండరం నొప్పి కనిపించదు. ఇంకో పన్ను పీకించావంటే ఊరుకోను! నోట్లో సూది పెట్టకు. తినేటప్పుడు తప్ప పైపళ్ళు కిందిపళ్ళు తగలకూడదు. మెత్తటి తిండి, వేడి కాపడం, నేను నేర్పే దవడ కసరత్తు, నిద్రలో పళ్ళు బిగించకుండా ఒక తొడుగు, అవసరమైతే మందులు. తగ్గడానికి టైము పడుతుంది. అన్నట్టు, దిగులు పెరిగితే బిగింపు పెరుగుతుంది. ఇంట్లోవాళ్ళు నమ్మకపోతే నేనెంత చేసినా సగం వైద్యమే."

తర్వాతి నెలల్లో ఆ నొప్పి ఒక్కో మెట్టే దిగింది. పూర్తిగా పోలేదు గానీ, నమలనిచ్చింది, నవ్వనిచ్చింది. మూడో పన్ను నోట్లోనే ఉంది. చిన్నకోడలి కుళ్ళు కూడా పూర్తిగా పోలేదు, ఎందుకు దాచడం! కానీ డాక్టరమ్మ దగ్గరనుంచి వచ్చిన ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది చెప్పకపోతే ఈ కథే దండగ.

గుమ్మంలో అడుగుపెడుతూనే బావగారు ఎదురయ్యాడు. "ఏమందట డాక్టరు? ఏమీ లేదనే కదా?"

ఏనాడూ ఆయన ముఖంచూసి మాట్లాడని చిన్నకోడలు ముందుకొచ్చి నిలబడింది.

"బావగారూ, అక్క చెంపమీద చెయ్యి పెట్టండి."

ఆయన తెల్లబోయి పెట్టాడు. పెద్దకోడలు కళ్ళు గట్టిగా మూసుకుంది. "ఇదేమిటి, ఇంత గట్టిగా ఉంది?" అన్నాడాయన.

"ఇన్నాళ్ళూ ఇంతే ఉంది. మీరు చెయ్యి పెట్టి చూడలేదు. నటన అని చెప్పింది నేనే. అక్కకు దొరికే పేరు చూసి, అత్తయ్య చేసే సేవ చూసి ఓర్వలేక చెప్పాను. నాది కుళ్ళు, సరే. కట్టుకున్న మీకేమొచ్చింది బావగారూ? ఫోటోలో కనపడకపోతే నొప్పి లేనట్టు కాదు. ఉందని మనిషి చెబితే ముందు నమ్మాలి, నమ్మి సరైన వైద్యం చేయించాలి. మనం నమ్మకపోబట్టే అక్క మూడో పన్ను కూడా పీకించుకోబోయింది!"