అవతలి గట్టు మీది మొహం

"కొంగలకి విషం పెట్టిన చేపలు నువ్వే వేశావని మా తమ్ముడు ఫణీంద్ర కళ్లారా చూశాడు. రేపట్నుంచి పనిలోకి రావద్దు!" అల్లవరం రొయ్యల చెరువు దగ్గర, మోటారు షెడ్డులో యజమాని సూర్యారావు కేకలేస్తున్నాడు.

"నేను కాదండీ బాబుగారూ!" కాపలాదారు ముత్యాలు చెరువు అవతలికి చెయ్యి చూపించాడు. "అటు చూడండి, ఎవడో వేస్తున్నాడండీ!"

అవతలి గట్టు మీద ఒకడు వంగి కొంగలకు చేపలు విసురుతున్నాడు. అంత దూరానికి మొహం కంటికి ఆనడం లేదు.

పక్షుల్ని చూడ్డానికి వచ్చిన ఊరి బడి టీచర్ సుస్మిత దగ్గర రెండు చిన్న బైనాక్యులర్లున్నాయి. ఏది కొనాలో తేల్చుకోవడానికి తెచ్చుకుంది. మొదటిదాన్ని కళ్లజోడు మీద పెడితే చిన్న రంధ్రంలోంచి చూసినట్టుంది. కళ్లజోడు తీస్తే ఎటు చూడాలో తెలియక అసలు మనిషే దొరకలేదు.

"బేగి చూడండమ్మా, వెళ్లిపోతున్నాడండీ!"

రెండోది అందుకుని, కంటి దగ్గరి రబ్బరు అంచుల్ని గబగబా తిప్పి కిందికి దించింది. కళ్లజోడుతోనే గట్టంతా కనిపించింది. బకెట్టు, తలగుడ్డ, దాని కింద మొహం.

"ఎవడండీ టీచరు గారూ? ఎవడైనా సరే, పోలీసులకి అప్పజెప్పేస్తాను," అన్నాడు సూర్యారావు.

సుస్మిత బైనాక్యులర్ దించలేదు.

"మీ తమ్ముడేనండీ. ఫణీంద్ర గారు."