పారిపోయిన చెల్లెలు

అక్క తన చావుకు అన్నీ సర్దేసింది. ఏ నగ ఎవరికో చెప్పేసింది. ఇంటి కాగితాలు కూతురి చేతిలో పెట్టింది. చివరికి కట్టాల్సిన చీర కూడా బీరువా పై అరలో విడిగా తీసిపెట్టింది. ఇక మిగిలింది తన కథ. మనవల కోసం దాన్ని కూతురు ఫోన్‌లో రికార్డు చేస్తోంది.

మంచం పక్కన చెల్లెలు ఒళ్ళంతా చెవులు చేసుకుని కూర్చుంది. కథ ఇవాళ కుట్టు ఫ్యాక్టరీ తగలబడిన రోజు దగ్గరికొచ్చింది మరి.

"మిషన్ల మెకానిక్కు లోపలే పడిపోయాడని తెలిసి వెనక్కి పరిగెత్తాను," అంది అక్క. "భుజాలు పట్టి బయటికి ఈడ్చుకొచ్చాను. ఆయనే మీ తాత."

గుమ్మం దగ్గర కుర్చీలోంచి బావ నవ్వాడు. "ఈడ్చుకొచ్చింది, ఇప్పటికీ వదల్లేదు!"

ఈడ్చుకొచ్చింది చెల్లెలు. ఆ సంగతి అక్కాచెల్లెళ్ళిద్దరికే తెలుసు. పొగ మింగి చెల్లెలు ఇంట్లో మంచం పట్టింది. ఆస్పత్రిలో అతను కళ్ళు తెరిచేసరికి, చూడ్డానికి వెళ్ళిన అక్క ఎదురుగా ఉంది. "నువ్వేనా నన్ను కాపాడింది?" అన్నాడట. అక్క కాదనలేదు. చెల్లెలు లేచి తిరిగేసరికి పెళ్ళి మాటలు కూడా అయిపోయాయి. ఆ మనిషి మీద తనకూ మనసుందన్న మాట చెల్లెలు కడుపులోనే దాచుకుంది.

అక్క అక్కడితో ఆగినా బాగుండేది.

"మరి పిన్ని?" అడిగింది కూతురు. "తనూ అక్కడే పనిచేసేది కదా?"

"మీ పిన్నా? మంటలు చూడగానే నన్నొదిలేసి పారిపోయింది."

అంతలో ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. ఛార్జర్ వెతకడానికి తండ్రీకూతుళ్ళు పక్కగదిలోకి వెళ్ళారు.

"ఆ ఒక్క మాట తీయించెయ్యక్కా. మిగతాదంతా నువ్వే ఉంచుకో."

"ఎలాగే? ఇద్దరం ఉండగా నేనొక్కదాన్నే ఎందుకెళ్ళానని అడగరూ? ఎవరో ఒకరు పారిపోవాలి."

"నాకు పిల్లా జెల్లా లేరు. నన్ను తలుచుకునేది నీ మనవలే. వాళ్ళకి నేను పిరికిదాన్నా?"

"రేపో మాపో చచ్చేదాన్ని. నా మొహం చూసి ఊరుకో."

కూతురు తిరిగొచ్చి ఫోన్ చెల్లెలి ముందు పెట్టింది. "నువ్వే చెప్పు పిన్నీ. నిజంగా పారిపోయావా?"

దుప్పటి కింద అక్క గోళ్ళు ఆమె మణికట్టులో దిగాయి.

"దాన్ని ఏడిపించకు," అన్నాడు బావ జాలిగా. "ప్రాణభయం ఎవరికుండదు?"

ఆ జాలే చెల్లెల్ని చంపింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే, ఈ నాలుగు రోజులైనా అక్క పక్కన ఆయన కూర్చుంటాడా?

"పారిపోయాను," అంది.

రికార్డయినదాన్ని సరిచూసుకోవడానికి కూతురు తండ్రిని తీసుకుని ముందుగదిలోకి వెళ్ళింది. అక్క పట్టు వదిలి కళ్ళు మూసుకుంది. "దాహంగా ఉందే. ఇక నువ్వు నా దగ్గరే ఉండిపో. నువ్వు చేస్తేనే నాకు సుఖం."

చెల్లెలు గ్లాసు అక్క పెదాలకు అందించి, తాగడం అయ్యాక మూతి తుడిచింది. తర్వాత సంచీ భుజానికి తగిలించుకుంది.

"ఎక్కడికే?" అంది అక్క.

"మనవలకి చెప్పాం కదక్కా. అబద్ధం కాకూడదు."

ముందుగదిలో ఫోన్‌లో రికార్డు వినిపిస్తోంది. "పారిపోయాను," అంటోంది ఆమె గొంతు. బావ తల దించుకున్నాడు. చెల్లెలు వాళ్ళ పక్కనుంచే నడిచి వెళ్ళి వీధి తలుపు తీసింది.